నైట్రోజన్ క్యాన్‌లో దాసు

బండి గేటు దాటుతోంది.

“జయపాల్!”

అతను తల తిప్పడు.

రెబ్కా పరుగెడుతోంది. తలకు ఇంకా ల్యాబ్ టోపీ ఉంది. కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఒక చెప్పు ఊడిపోతుంది. ఆగదు.

“జయపాల్! ఆగు!”

బైకు వెనక సీటు మీద నైట్రోజన్ క్యాన్. సైకిల్ ట్యూబుతో బిగించి కట్టి ఉంది. దర్శి చుట్టుపక్కల పశువులున్న ప్రతి ఇంటికీ ఆ క్యాన్ తెలుసు. అందులో ద్రవ నైట్రోజన్ చలిలో గడ్డకట్టి ఉండేది ఎద్దుల వీర్యం. ఎదకొచ్చిన గేదెకో ఆవుకో ఎక్కించడానికి జయపాల్ దాన్ని ఊరూరా తిప్పుతాడు.

ఈ సాయంత్రం అందులో ఉన్నది ఎద్దులది కాదు.

వాళ్ళిద్దరి కొడుకు కణాలు!

బైకు మలుపు తిరిగింది. దుమ్ము మిగిలింది.

గేటు పక్కన కంపెనీ వ్యాన్. డ్రైవర్ రోశయ్య బానెట్‌కి ఆనుకుని టీ తాగుతున్నాడు.

“బాబాయ్, వ్యాన్ తియ్!”

“ఎక్కడికమ్మా? ఇప్పుడే గ్లాసు పట్టుకున్నా...”

“తియ్ బాబాయ్!”

ఆమె మొహం చూశాడు. టీ పారబోశాడు.

వ్యాన్ కుదుపుతో రోడ్డెక్కింది. పొద్దు కుంకుతోంది. ఇరువైపులా మిరప కల్లాలు. ఆరబోసిన కాయల ఎరుపు మీద ఎర్రటి వెలుతురు. కిటికీ అద్దం సగం దించితే చాలు, ఘాటు గొంతులో దిగుతుంది.

“ఏమైందమ్మా? మొగుడూ పెళ్ళాల గొడవైతే నేను మధ్యలో...”

“వయల్స్ తీసుకెళ్ళాడు.”

రోశయ్య కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుంది. అతనికి ఇంకేం చెప్పనక్కర్లేదు. ఆ కంపెనీలో పనిచేసే ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అది ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లు. ఇప్పుడు అక్కడ స్టీలు ట్యాంకుల్లో మనిషి మూలకణాలు పెంచుతారు. అరిగిన కీళ్ళకి, కాలిన చర్మానికి, అతకని ఎముకకి మందు తయారు చేయడం కోసం. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు ముక్క ఒక్కటి చాలు. అందులోంచి తీసిన కణాలు ఇసుక రేణువుల్లాంటి పూసల్ని పట్టుకుని పెరుగుతాయి. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. ట్యాంకు నిండేసరికి వేలమందికి సరిపోతాయి.

రెబ్కా అక్కడ టెక్నీషియన్. తన కాన్పులో తన బిడ్డ బొడ్డుతాడు తనే ఇచ్చింది. చాలామంది తల్లులు ఇచ్చారు. అన్నిటిలో బాగా పెరిగింది మాత్రం దాసుదే. ట్యాంకులన్నీ వాడివే.

దాసు పోయిన క్రిస్మస్ చూడలేదు.

బ్లడ్ క్యాన్సర్. నాలుగేళ్ళవాడు.

బొడ్డుతాడు ఇచ్చిన బిడ్డకి అలాంటి జబ్బు వచ్చిందంటే ఆ కణాలు ఇంకెవరికీ ఎక్కించకూడదు. ట్యాంకుల్లోవి, వయల్స్ అనే చిన్న సీసాల్లో గడ్డకట్టించి దాచినవి, అన్నీ పారబోయాలి. యజమానికి ఆ సంగతి చెప్పింది రెబ్కాయే. ఇవాళ పొద్దున్నుంచి పారబోసిందీ రెబ్కాయే. ఒక్కో ట్యాంకులో బ్లీచింగ్ నీళ్ళు పోసింది. లోపలి రెక్క తిరగడం ఆగేదాకా నిలబడింది. తర్వాతి ట్యాంకు దగ్గరికి నడిచింది.

ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో కొంత బలం ఉండాలి.

ఆఖరున నైట్రోజన్ ట్యాంకు మూత తీసింది. దాసు వయల్స్ ఉండాల్సిన అర ఖాళీ!

జయపాల్ అప్పుడే వచ్చి వెళ్తున్నాడు. తన క్యాన్‌లోకి నైట్రోజన్ పోయించుకోవడానికి. పశువుల ఆసుపత్రికి సరుకు ఆలస్యమైనప్పుడల్లా వస్తాడు. వాచ్‌మన్ ఆపడు. రెబ్కమ్మ గారి భర్త కదా!

“అదుగోనమ్మా!”

దూరంగా ఎర్రటి చుక్క. బైకు వెనక లైటు.

రెబ్కా ఫోన్ తీసింది. రింగవుతోంది... రింగవుతోంది...

ఎత్తాడు.

“ఏమయ్యా, బండి ఆపు.”

“ఆపను.”

“ఎవరికిస్తున్నావ్ వాటిని?”

గాలి మోత. ఇంజను మోత. తర్వాత అతని గొంతు.

“డాక్టర్ శ్రీకృష్ణ గారికి. ఆయన చేస్తానన్నాడు.”

“ఏం చేస్తానన్నాడు?”

“దాసుని.”

రెబ్కా కళ్ళు మూసుకుంది.

“వినబడిందా? మన దాసుని మళ్ళీ చేస్తానన్నాడు!”

“అలా కుదరదయ్యా...”

“ఎందుకు కుదరదు? ట్రైనింగ్ సెంటర్లో మచ్చలెద్దు చచ్చి ఎన్నేళ్ళయింది? పోయినేడు మల్లేశ్వరి వాళ్ళ ఆవుకి దాని వీర్యం స్ట్రానే వేశా. కోడెదూడ పుట్టింది! అదే మూపురం. అదే నడక. నుదుటి మీద అదే మచ్చ! క్యాన్‌లో ఉన్నది చావదు రెబ్కా. నా కళ్ళతో ఎన్నిసార్లు చూశాను!”

“అది వేరు. ఇది వేరు.”

“నీ ఎమ్మెస్సీ మాటలు నాకొద్దు.”

“జయపాల్...”

“నువ్వు పారబోశావ్. నేను పారబొయ్యను.”

కట్!

మళ్ళీ చేసింది. స్విచాఫ్.

రోశయ్య అద్దంలోంచి చూస్తున్నాడు.

“డాక్టర్ శ్రీకృష్ణంటే... దర్శి సెంటర్లో ఆటోకి మైకు పెట్టి అరిపిస్తున్నాడే, ఆయనేనా? రేపు పొద్దున ఒంగోల్లో క్యాంపంట. నడవలేని పిల్లలు ఒక్క ఇంజెక్షన్‌తో లేచి తిరుగుతారంట.”

“ఆయనే.”

“ఆ ఇంజెక్షన్...”

“ఆయన దగ్గర కణాలు లేవు. మొన్న మన మిల్లుకి అడుక్కోవడానికి వచ్చాడు. మేము ఇవ్వలేదు.” ఆమె రోడ్డు కేసి చూస్తూ అంది. “ఇవాళ మా ఆయన తీసుకెళ్తున్నాడు. అవి రేపు ఆ డాక్టర్ పిల్లలకి ఎక్కిస్తాడు.”

రోశయ్య గేరు మార్చాడు.

“పోలీసులకి ఫోన్ చేస్తే?”

“చేస్తే ముందు ఎవర్ని పట్టుకుంటారు బాబాయ్?”

రోశయ్య యాక్సిలరేటర్ ఇంకా నొక్కాడు. వ్యాన్ ఇంకాస్త ఊగింది.

తాళ్ళూరు దాటింది. ఎర్ర చుక్క దగ్గరవుతోంది... ఇంకొంచెం... ఇంకొంచెం...

కీచ్!

రెబ్కా నుదురు డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంది.

సగం రోడ్డు మీద మిరపకాయలు! పట్టా పరిచి ఆరబోశారు. మిగిలిన సగంలో పత్తి బేళ్ళ లారీ ఎదురొస్తోంది. రోడ్డంతా తనదే అన్నట్టు.

“తొక్కించు బాబాయ్!”

“మిరపకాయలమ్మా!”

“తెలుసు! తొక్కించు!”

“ఎవడిదో ఏడాది కష్టం! నా వల్ల కాదు!”

స్టీరింగ్ ఎడమకి తిప్పేశాడు. వ్యాన్ రోడ్డు దిగింది. పత్తి కట్టె ఫటఫటా విరుగుతోంది. అడుగున రాయి తగిలింది. వ్యాన్ గాల్లోకి లేచి పడింది. మళ్ళీ రోడ్డెక్కింది!

వెనక ఎవరో కేకలు.

“ఏరా! కళ్ళు దొబ్బినాయా!”

రోశయ్య తల బయటపెట్టి అరిచాడు.

“నీ కాయ ఒక్కటి తొక్కలేదురా! దణ్ణం పెట్టుకో!”

కానీ ఎర్ర చుక్క లేదు.

రోడ్డు ఖాళీ.

“చీమకుర్తికే అయ్యుంటుంది,” అంది రెబ్కా. “ఇటు పోతే ఇంకేముంది? పద.”

చీమకుర్తి ముందు లారీల వరస. ఒక్కో లారీ మీద ఇల్లంత గ్రానైట్ రాయి. కదలడం లేదు. హారన్లు, తెల్లటి దుమ్ము. లైట్ల వెలుగులో దుమ్ము పొగమంచులా తేలుతోంది.

బైకులు మాత్రం లారీల సందుల్లోంచి పోతున్నాయి.

రెబ్కా డోర్ తీసుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడింది. చూసింది. వెతికింది.

అక్కడ!

వరస చివర, ఎడమకి. క్వారీ మట్టిరోడ్డు మీదికి తిరుగుతున్న బైకు. వెనక క్యాన్!

దూకేసింది.

“అమ్మా! ఒక్కదానివే ఎక్కడికమ్మా!”

వినదు. మిగిలిన చెప్పు కూడా వదిలేసింది. మట్టిరోడ్డు నిండా గ్రానైట్ పెచ్చులు. అరికాలు తెగుతోంది. తెలుస్తోంది. ఎవరి కాలో తెగుతున్నట్టు తెలుస్తోంది, అంతే.

క్వారీ పని ఆపేసి చాలా కాలమైనట్టుంది. క్రేను తుప్పు పట్టింది. మెట్లు మెట్లుగా కోసిన కొండ. దాని కింద లోతైన గుంట. గుంటలో నల్లటి నీళ్ళు.

గుంట అంచున రెండు బైకులు. ఇద్దరు మనుషులు.

ఒకడు జయపాల్. క్యాన్‌ని విప్పి రెండు చేతుల్తో పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. రెండోవాడు సన్నగా ఉన్నాడు. గళ్ళ చొక్కా. నిద్రలేని కళ్ళు. చెయ్యి చాచి ఉన్నాడు.

“ఇవ్వద్దు!”

ఇద్దరూ తిరిగారు.

“ఎవరన్నా ఈవిడ?” అన్నాడు గళ్ళ చొక్కా.

“నా భార్య.”

“భార్యని తీసుకొస్తావా బేరానికి! అక్కా, నువ్వెళ్ళు. డాక్టర్ గారు ఎదురు చూస్తున్నారు. నా పేరు బాజీ. నాకు ఎవరితో గొడవ లేదు.”

రెబ్కా అతన్ని చూడలేదు. భర్తనే చూసింది. ఆయాసం తగ్గేదాకా ఆగింది. తర్వాత మెల్లగా అడిగింది.

“మల్లేశ్వరి కొట్టంలో దూడ ఉందే. మచ్చలెద్దు దూడ. నిన్ను చూసి లేచి వచ్చిందా?”

జయపాల్ క్యాన్‌ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“ట్రైనింగ్‌లో ఆ ఎద్దు నీ చేతి మేతే తినేదన్నావ్. నీ గొంతు వింటే తల ఎత్తేదన్నావ్. ఈ దూడ ఎత్తిందా?”

“అది... చిన్నది.”

“పెద్దయ్యాక ఎత్తుతుందా?”

దూరంగా లారీ హారన్.

“దూడ పుడుతుందయ్యా. ఎద్దు తిరిగి రాదు.” ఆమె గొంతు పెరగలేదు. “ఇందులోంచి దూడ కూడా రాదు. ఎముక వస్తుంది. చర్మం వస్తుంది. రోజూ నేను చూస్తూనే ఉన్నాగా. దాసు వచ్చేవాడైతే నేను తెచ్చుకోనా? నీకు చెప్పకుండా ఉంటానా?”

జయపాల్ బాజీ వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పు తమ్ముడూ. మీ డాక్టర్ గారు మావాణ్ణి చేస్తాడా?”

బాజీ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“నాకేం తెలుసన్నా? తెమ్మన్నాడు. తీసుకెళ్తున్నా.”

చాలు. మొహం పక్కకి తిరిగిన ఆ క్షణం చాలు!

జయపాల్ క్యాన్ మూత లాగేశాడు.

“ఏయ్! ఏం చేస్తున్నావ్!”

బాజీ చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. బయటికి వచ్చింది. నాటు తుపాకి!

“మూత పెట్టు! పెట్టు!”

జయపాల్ క్యాన్‌ని వంచేశాడు.

తెల్లటి పొగ! బుస్సుమని చప్పుడు! నైట్రోజన్ రాతి మీద మరుగుతూ పాకింది. పొగలోంచి చిన్న చిన్న ప్లాస్టిక్ వయల్స్ టకటకా రాలాయి. దొర్లాయి.

బాజీ మోకాళ్ళ మీద పడ్డాడు. ఒకదాన్ని పట్టుకున్నాడు.

“అబ్బా!”

వదిలేశాడు. వేళ్ళ చర్మం తెల్లగా పాలిపోయింది. నిప్పులా కాల్చే చలి!

జయపాల్ వాటిని కాలితో గుంటలోకి నెడుతున్నాడు. తన్నడం లేదు. నిద్రలో ఉన్న పిల్లాణ్ణి చాప మీద పక్కకి జరిపినట్టు, మెల్లగా. ఒకటి... ఇంకొకటి... ఇంకొకటి... కింద నీళ్ళలో చప్పుడు. అతని పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, పేరో.

ఒక్కటి మాత్రం ఇటు దొర్లింది.

రెబ్కా పాదానికి తగిలి ఆగింది.

వంగింది. ల్యాబ్ కోటు అంచుతో పట్టి తీసింది.

“కదలకు!”

బాజీ లేచి నిలబడ్డాడు. తుపాకి గొట్టం జయపాల్ కణతకి ఆనింది.

“అదిటివ్వు అక్కా.”

“ఒక్కటే ఉంది. దీంతో ఏం చేస్తావ్?”

“ఒక్కటి చాలు! ఒక్కటుంటే మళ్ళీ ఎన్నైనా పెంచుకోవచ్చని సారే చెప్పాడు. అదంతా నాకనవసరం. రేపు మొదటి ఇంజెక్షన్ నా కూతురికి!”

రెబ్కా అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది.

“ఏమైంది పాపకి?”

“పుట్టగానే ఏడవలేదు. ఐదేళ్ళొచ్చాయి. నడక సంగతి దేవుడెరుగు, మెడ నిలబడదు. వాళ్ళమ్మ భుజాన వేసుకునే తిరుగుద్ది.” గొట్టం ఇంకాస్త అదిమాడు. “సార్ చేస్తానన్నాడు. అందుకే ఆయనేది చెబితే అది చేస్తున్నా. ఇవ్వు!”

“ఇవి ఎవరివని చెప్పాడు?”

“మంచి ఆరోగ్యంగా ఉన్న పిల్లాడివి. గుంటూర్లో స్కూలుకి పోతున్నాడంట.”

“మావాడివి,” అంది రెబ్కా. “వాడు స్కూలుకి పోవడం లేదు. దర్శిలో సమాధుల దొడ్లో ఉన్నాడు. బ్లడ్ క్యాన్సర్.”

“అబద్ధం!”

“బాజీ...”

“అబద్ధం! ఇవ్వడం ఇష్టం లేక చెప్తున్నావ్! మూడు లెక్కపెడతా! ఇవ్వకపోతే మీ ఆయన ఉండడు!”

జయపాల్ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఇవ్వొద్దని తల ఊపాడు. తుపాకి గొట్టం కింద, చాలా కొద్దిగా.

“ఒకటి!”

వయల్ మీది మంచు కరిగిపోయింది. ఇప్పుడు ఆమె దాన్ని పిడికిట్లో పట్టుకుంది. ఇన్నేళ్ళూ వాడి కణాలకి తిండి పెట్టింది. వెచ్చగా ఉంచింది. ట్యాంకులో రెక్క చప్పుడు విన్నది. ఎప్పుడూ గ్లవ్స్‌తోనే. చర్మానికి తగలడం ఇదే మొదటిసారి.

గుంట ఇక్కడికి దూరం. పారబోస్తే రాతి మీద పడుతుంది. ఆ రాయిని కూడా గీక్కుని తీసుకెళ్తాడు ఇతను. బిడ్డ ఉన్నవాడు ఏమైనా చేస్తాడు.

“రెండు!”

మూత తిప్పింది. లోపల అడుగున చిన్న నీటిబొట్టు. అంతే.

నోటికి ఎత్తుకుంది.

మింగేసింది!

ఢాం!

తుపాకి పేలింది. కొండంతా ఒక్కసారి అరిచింది. క్రేను మీది పక్షులు లేచిపోయాయి.

జయపాల్ కుప్పగా కూలాడు!

“ఏమయ్యా!”

పరుగున వెళ్ళి పట్టుకుంది. తల తడిమింది. మెడ తడిమింది. రక్తం లేదు. ఎక్కడా లేదు! బాజీ ఉలికిపాటుకి గొట్టం పక్కకి జరిగి, తూటా వెనక రాతిలోకి పోయింది. అతను కళ్ళు తెరిచాడు. చెవి మూసుకుని కూర్చున్నాడు.

బాజీ తుపాకిని చూసుకుంటున్నాడు. తను కాల్చినట్టు తనకే తెలియనట్టు.

“ఏం చేశావక్కా... ఏం చేశావ్... నా బిడ్డది మింగేశావే!”

“నా బిడ్డది తమ్ముడూ.” రెబ్కా నోరు తుడుచుకుంది. “మంచివైతే నీ కూతురికే ఇచ్చేదాన్ని. ఒట్టు.”

బాజీ రాతి మీద కూర్చుండిపోయాడు.

తర్వాత జయపాల్ గొంతు. ఎవరితోనూ కాదు. ముందున్న ఖాళీ క్యాన్‌తో.

“మొదట ముక్కులోంచి రక్తం వచ్చింది. ఎండకనుకున్నాం. తర్వాత కాళ్ళ మీద నీలం మచ్చలు. ఎవరు కొట్టార్రా అని అడిగా. స్కూల్లో టీచర్ మీద అరుద్దామని బయల్దేరా కూడా. వాడు చొక్కా పట్టుకుని లాగాడు. ఎవరూ కొట్టలేదు నాన్నా అన్నాడు.”

అక్కడితో ఆపాడు.

బాజీ అతన్ని చాలాసేపు చూశాడు. అబద్ధం ఎక్కడుందో వెతుకుతున్నట్టు. దొరకలేదు.

“అక్కా,” అన్నాడు చివరికి. “ఎక్కిస్తే నా బిడ్డకీ వచ్చేదా?”

“రావచ్చు. రాకపోవచ్చు. రాదని చెప్పలేను. చెప్పలేనప్పుడు ఎక్కించకూడదు.”

“మెడన్నా నిలబడేదా?”

ఆమె జవాబు ఆలోచించింది. మెత్తటి మాట దొరకలేదు.

“నిలబడేది కాదు.”

బాజీ తల ఊపాడు.

“సార్‌కి తెలియదేమో... మీవాడి సంగతి.”

“తెలుసు. మొన్న మిల్లుకి వచ్చినప్పుడు నేనే చెప్పాను. నా ఎదురుగా కూర్చుని అంతా విన్నాడు. టీ తాగాడు. మీ ఆయన ఏం చేస్తాడమ్మా అని అడిగాడు. పశువులకి సూదులు వేస్తాడని చెప్పాను.”

జయపాల్ తల దించుకున్నాడు.

ఫోన్!

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. బాజీ జేబులో వెలుగు. తీశాడు. చూశాడు. ఎత్తాడు.

“సార్.”

క్వారీ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అవతలి గొంతు సన్నగా రెబ్కాకి కూడా వినబడుతోంది.

“ఎక్కడ చచ్చావురా? దొరికిందా?”

బాజీ పక్కకి పడి ఉన్న క్యాన్ వైపు చూశాడు.

“దొరికింది సార్.”

జయపాల్ లేవబోయాడు. రెబ్కా అతని భుజం మీద చెయ్యి వేసింది.

“అన్నీ ఉన్నాయా?”

“ఉన్నాయి సార్.”

“మూత తియ్యకుండా పట్టుకురా. క్లినిక్‌కి వద్దు. ఇంటికి రా.”

“ఒక్కరే ఉన్నారా సార్?”

“ఒక్కణ్ణే. ఎందుకు?”

“ఏం లేదు సార్. వస్తున్నా.”

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లేచాడు. క్యాన్ ఎత్తాడు. తలకిందులుగా పట్టి చూశాడు. చుక్క లేదు. మూత పెట్టి తన బైకు వెనక కట్టుకున్నాడు. తొందరేం లేదు. ముడి మీద ముడి వేశాడు.

తర్వాత చొక్కా జేబులోంచి ఇంకో తూటా తీశాడు. కాలిన వేళ్ళతో తుపాకిలోకి నెట్టాడు. వంకరగా వెళ్ళింది. తీసి మళ్ళీ నెట్టాడు.

“తమ్ముడూ,” అన్నాడు జయపాల్. “ఖాళీ క్యాన్... అదెందుకు నీకు?”

బాజీ బైకు స్టార్ట్ చేశాడు. హెడ్‌లైటు గుంట మీదుగా అవతలి కొండకి పాకింది.

“ఇది చూస్తేనే కదన్నా,” అన్నాడు, “తలుపు తీస్తాడు.”